గ్యాసు రాని కాలంలో మా ఇడ్లీ కొట్టు

నేను ధర్మపురికి కోడలుగా వచ్చిన ఏడాదే మా ఇంట్లో కట్టెల పొయ్యి పగలగొట్టినారు. పగలగొట్టింది మా ఇంటాయనే. గడ్డపార తెచ్చి ఒక్కో ఇటుకా పెళ్ళగిస్తా ఉంటే, మా అత్త వాకిట్లో కూర్చుని ఉర్లగడ్డలు తొక్క తీస్తా, తల ఎత్తకుండా తిడతా ఉండింది.

"నీ నాయన పోయినాక నిన్ను సాకిన పొయ్యిరా అది."

"అది కాదమ్మా సాకింది, నువ్వు" అన్నాడు ఆయన. "ఆ పొగకే నీ కండ్లు పోతా ఉండేది. గ్యాసు వచ్చినాక పొగ ఎందుకు?"

మాది బస్టాండు వెనక వీధిలో చిన్న ఇడ్లీ కొట్టు. ముందర గదిలో కొట్టు, నడుమ వంటిల్లు, వెనక మేము పడుకునే గది. మా అత్త చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని, ఒక్క కొడుకునీ ఆ ఇడ్లీల మీదనే పెంచింది. పాలకోడు సంతకి టమాటాలు వేసుకుపోయే రైతులు, తెల్లారి బస్సు కోసరం దిగేవాళ్ళు, సర్కారు కచేరీల్లో పనిచేసేవాళ్ళు మా గిరాకీ. ఇంట్లో మాట్లాడేది తెలుగు, గడప దాటితే అరవం. ఆ ఇంట్లో వాళ్ళు తరతరాలుగా అట్లనే బతికినారు.

నాకు మాత్రం అరవం రాదు. మాది కుప్పం పక్క పల్లె. బడిలో తెలుగు చదువుకున్నాను గానీ, అరవం సంతలో నాలుగు మాటలు విన్నదే. ధర్మపురిలో కూరగాయలు కొనాలన్నా, పక్కింటామె పలకరిస్తే బదులు చెప్పాలన్నా మా అత్త పక్కన ఉండాల్సిందే. బయట నాకు నోరు ఆమే. వాళ్ళు అన్నది తెలుగులో నాకు చెప్పి, నేను అన్నది అరవంలో వాళ్ళకి చెప్పి, నడుమ తన మాట ఒకటి కలిపేది. "బాగుంది" అని నేను అంటే చాలు, "మా కోడలు బాగుందంటోంది, రేపు మీ ఇంటికి మురుకులు పంపిస్తానంటోంది" అని చెప్పి వచ్చేది.

గ్యాసు వచ్చినప్పుడు నేను సంతోషపడినాను. ఆ మాట దాచేదేమీ లేదు. పుట్టింట్లో పొగలో పెరిగినదాన్ని. అగ్గిపుల్ల గీసి మర తిప్పితే నీలంగా మంట లేచేది, ఊదేపని లేదు, మసి లేదు, గిన్నె అడుగు తెల్లగానే ఉండేది. ఇడ్లీ పాత్ర ఆవిరి పట్టేలోపల చట్నీ తాలింపు అయిపోయేది. పొయ్యి తీసిన చోట మా ఇంటాయన ఇంకో రెండు బల్లలు వేసినాడు. పొగగూడు కూడా మూసి సున్నం కొట్టించినాడు. మా అత్త ఒక్కటే ఆ మంటని నమ్మలేదు.

"అది ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలీదు" అనేది. "కట్టెలంటే అదిగో డిపో, అదిగో చింతతోపు. ఇది ఏ వూరినుంచి వస్తుంది, ఎవరు పంపుతారు, పంపకపోతే ఎవర్ని అడగాలి? ఒకే దోవని నమ్ముకుంటే, అది మూసుకున్న పొద్దు ఏమి జేస్తావురా?"

"లారీ వస్తుందమ్మా" అని నవ్వేవాడు ఆయన.

వచ్చేది కూడా. ఆలస్యంగా వచ్చేది, కానీ వచ్చేది. ఒక ఏడు ఆడికార్తి పండగకి ముందు అనుకుంటాను, వానలు పట్టుకున్న కాలం, లారీ రాలేదు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తరవాత గ్యాసు ఆఫీసు ముందర ఖాళీ సిలిండర్లు వరసగా నిలబడినాయి. సైకిళ్ళ మీద కట్టుకుని వచ్చినవి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు భుజాన మోసుకొచ్చినవి. మనుషులు ఇంటికి పోయినా సిలిండర్లు అక్కడే క్యూలో ఉండేవి. మాదీ అందులో ఒకటి. మా ఇంటాయన పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి పోయి చూసి వచ్చేవాడు, ఎవరన్నా పక్కకి జరిపేస్తారేమోనని.

ఎందుకు రాలేదో తలకొక మాట చెప్పినారు. రేవులో సమ్మె అని ఒకరు, గ్యాసు నింపే చోట ఏదో మరమ్మత్తు అని ఒకరు. మా కొట్టుకి రోజూ వచ్చే గుమాస్తా ఒకాయన ఉండేవాడు, తెలుగాయనే, రేడియో విడవకుండా వినేవాడు. ఆయన చెప్పినాడు, "అరబ్బు దేశాల పక్క యుద్ధం కదమ్మా. నూనె ఓడల మీద బాంబులు వేస్తా ఉండారు. మనకి సగం ఆ పక్కనుంచే రావాల."

మా అత్త గరిటె చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. "ఆ దేశం ఒక్కటే ఉందా అయ్యా లోకంలో నూనె ఉండేది?"

"ఇంకా ఉండాయి. మన సముద్రంలో కూడా తీస్తా ఉండారు. చాలదంట."

"అట్లయితే పది ఇండ్లు అడిగి పెట్టుకోవల్సింది కదా. ఢిల్లీలో కూడా మా వాడి మాదిరే పొయ్యి పగలగొట్టుకుని కూర్చున్నారా?"

కొట్టులో అందరూ నవ్వినారు. మా ఇంటాయన నవ్వలేదు. లోపలికి వచ్చి ఖాళీ సిలిండర్ని వేలితో కొట్టి చూసినాడు. ఇంకేమన్నా ఉందేమోనని ఆ పొద్దు ఎన్నిసార్లు కొట్టి చూసినాడో.

అప్పుడు ఊరంతా కట్టెల మీద పడింది. డిపోలో ఎండు కట్టె అయిపోయి, పచ్చివి, తడిసినవి అమ్మినారు. మాకు పొయ్యే లేదు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి చూసినాము. వానకి మంట నిలవలేదు. గోనెసంచులు పైన కట్టి, కింద కూర్చుని నేను ఊదేదాన్ని, మా అత్త పాత్ర పట్టుకునేది. ఇడ్లీలు ఉడికీ ఉడకక జిగురుగా వచ్చినాయి. రైతు ఒకడు తినకుండా ఆకు మడిచి లేచిపోయినాడు. మా అత్త కొట్టు పెట్టినాక అట్ల జరగడం అదే మొదలంట. ఆమె ఆ పొద్దు అన్నం తినలేదు.

మిగిలింది కిరసనాయిలు. మా అత్త దాన్ని సీమనూనె అనేది. కార్డు మీద ఇచ్చేది ఇంటి దీపాలకి, ఒక పూట కాఫీకి సరిపోయేది. అంతే. మా ఇంటాయన ఎవరి దగ్గరో పాత పంపు స్టౌ ఒకటి తెచ్చినాడు, ఇత్తడిది, గుండ్రని పొట్ట, మూడు కాళ్ళు. గాలి కొట్టి వెలిగిస్తే బుస్సుమని అరిచేది. దానికి నూనె కోసరం ఊరంతా తిరిగినాడు. చివరికి బొమ్మిడి స్టేషను పక్కన ఎవడో రహస్యంగా అమ్ముతా ఉన్నాడని విని, పోయి ఒక డబ్బా మోసుకొచ్చినాడు.

మా అత్త మూత తీసి వాసన చూసింది. "ఇదేమిరా, వేరేగా ఉండాది?"

"సీమనూనె కాకుండా మల్లెపూల వాసన వస్తుందా?" అని విసుక్కున్నాడు ఆయన. వానలో తడిసి, బస్సులో నిలబడి వచ్చినాడు పాపం. మా అత్త మూత బిగించింది. డబ్బా తీసి మూలన పెట్టింది.

మరుసటి పొద్దున, ఇంకా సరిగా వెలుగు రాకముందు, నేను స్టౌలో ఆ నూనె పోసి వెలిగించినాను. మొదట బాగానే మండింది. పాత్ర ఎక్కించినాను. మంట తగ్గినట్టుంటే రెండు సార్లు గాలి కొట్టినాను. అప్పుడు స్టౌ అరుపు మారింది. అది మాత్రం ఇప్పటికీ చెవిలో ఉండాది, అరవడం ఆపి ఒక క్షణం మింగినట్టయింది. ఆ తరవాత మంట పైకి కాదు, నా పక్కకి వచ్చింది.

నైలెక్సు చీర కట్టుకుని ఉండినాను. అది కాలదు, ఒంటికి అంటుకుని కరుగుతుంది. నేను అరిచినానో లేదో తెలీదు. చట్నీ రుబ్బుతా ఉన్న మా అత్త పరిగెత్తుకొచ్చి, తడి గోనెసంచి నా మీద కప్పి, కరుగుతా ఉన్న చీరని రెండు చేతులతో పీకేసింది. పట్టుకున్న చోటల్లా ఆమె చేతులకి అంటుకుంటా ఉంది. అయినా వదలలేదు. "కండ్లు మూసుకో అమ్మీ, కండ్లు మూసుకో" అంటా ఉంది. అప్పటికి మా ఇంటాయన ఇసక తెచ్చి స్టౌ మీద పోసినాడు.

నా కుడి చెయ్యి, పక్కటెముకల వరకు, మెడ కింద కొంత కాలింది. పెద్దాసుపత్రిలో చేర్చినారు. మా అత్త చేతులకి కూడా కట్లు కట్టి పంపించినారు. ఆమె ఇంటికి పోలేదు. వార్డు బయట వసారాలో కూర్చుంది.

ఇక అప్పుడు మొదలైంది అసలు కష్టం.

ఆ కాలంలో కోడలు స్టౌ మంటలో కాలిందంటే ఎవరూ స్టౌ మాట నమ్మేవాళ్ళు కాదు. పేపర్లలో అట్లాంటివి చాలా వచ్చేవి, అందులో నిజాలు కూడా ఉండేవి. కొత్త కోడలు, తెల్లారిజామున, వంటింట్లో అత్తా కోడలూ తప్ప ఎవరూ లేరు. ఇంక చెప్పేదేముంది? నన్ను ఆసుపత్రికి తీసుకుపోయే లోపలే మా వీధిలో మాట పాకింది. అదియమాన్‌కోట్టైనుంచి చూడడానికి వచ్చిన మా ఇంటాయన పినతల్లి కూడా, నా మంచం పక్కన వంగి, "నిజం చెప్పు, భయపడొద్దు" అని గుసగుసగా అడిగింది. స్టౌ పేలింది పిన్నీ అంటే, "సరే సరే" అని తల నిమిరింది. నమ్మలేదని ఆ నిమరడంలోనే తెలిసింది.

మా నాయనకి కబురు ఎవరు పంపినారో, ఎట్లా పంపినారో తెలీదు. బస్సు మీద బస్సు మారి వచ్చినాడు. వసారాలో మా అత్త లేచి నిలబడి "తమ్ముడా" అందంట. ఆయన ఆమె పక్క చూడకుండా లోపలికి వచ్చేసినాడు. నన్ను చూసి గోడకి చేరగిలబడి ఏడ్చినాడు. మా నాయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ మధ్యాహ్నమే పోలీసాయన వచ్చినాడు, నా మాట రాసుకోవడానికి. వయసైనవాడు, నెమ్మదైనవాడు. అత్తింటివాళ్ళని బయటికి పంపించి, స్టూలు లాక్కుని కూర్చుని అరవంలో అడిగినాడు. నాకు సగం అర్థమైంది. బదులు చెప్పడానికి మాటలు రాలేదు. అలవాటుగా వాకిలి పక్క చూసినాను, మా అత్త కోసరం. అప్పుడు గుర్తొచ్చింది, ఈసారి ఆమె నా నోరు కాకూడదని.

"ఈ పాపకి తెలుగు తప్ప రాదు" అని మా నాయన ముందుకొచ్చినాడు. "నేను చెప్తాను."

పోలీసాయన కొంచెం ఆలోచించి సరే అన్నాడు. నేను తెలుగులో మెల్లగా చెప్పినాను. గ్యాసు రాలేదని, నూనె తెచ్చినామని, దాని వాసన వేరేగా ఉందని అత్త అన్నదని, గాలి కొడితే మంట తిరగబడిందని, అత్త వచ్చి ఆర్పిందని. మా నాయన దాన్ని అరవంలో చెప్పడం మొదలుపెట్టినాడు. ఆయనకి అరవం బాగా వచ్చు, సంతలు తిరిగినవాడు. వింటా ఉంటే, నా మాటల్లో లేనివి వినబడినాయి. ఆ స్టౌ పాడైందని అత్తకి ముందే తెలుసంట. అయినా నన్నే వెలిగించమని పంపిందంట. నూనె వాసన తేడాగా ఉందని ఆమే అన్నదంట, అని కూడా నన్నే పొయ్యమన్నదంట. ఆ వాసన మాట నేను చెప్పిందే, కానీ నేను చెప్పినట్టు కాదు. ఒక్క మాట అటు ఇటు జరిగితే కాపాడినావిడ కాల్చినావిడ అయిపోతుందని నాకు అప్పుడే తెలిసింది.

"నాయనా, నేనట్ల చెప్పలేదు" అన్నాను.

"నువ్వు ఊరుకో పాపా. నీకు భయం. నాకు తెలుసు" అన్నాడు తెలుగులో. ఆయన కండ్లలో నీళ్ళు. ఆయన అబద్ధం ఆడుతున్నాననుకోలేదు, నా బదులు ధైర్యం చేస్తా ఉన్నాననుకున్నాడు.

పోలీసాయన మా ఇద్దర్నీ చూసి, రాయడం ఆపి, నన్నే అడిగినాడు, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి. నేను అరవంలో నాకు తెలిసిన మాటలన్నీ వెతికినాను. కూరగాయల పేర్లు వచ్చినాయి, బేరం మాటలు వచ్చినాయి. ఏడుపు వచ్చింది. చివరికి ఎట్లనో అన్నాను.

"మామియార్ ఇల్లె. స్టవ్వు. ఎణ్ణె సరి ఇల్లె." అత్త కాదు, స్టౌ, నూనె మంచిది కాదు. ఇంకా ఏదో చెప్పాలి, ఆమె చేసింది చెప్పాలి, మాట దొరకలేదు. "మామియార్ కై... కై పారుంగ" అన్నాను. అత్త చేతులు, చేతులు చూడండి అని.

ఆయన లేచి బయటికి పోయినాడు. తలుపు సందులోనుంచి నాకు కనబడింది. మా అత్త ముందర నిలబడి ఏదో అడిగినాడు. ఆమె కట్లు కట్టిన రెండు చేతులూ ఎత్తి చూపింది, దొంగతనం చేసి పట్టుబడినదాని మాదిరి. ఆయన నర్సుని పిలిచి ఆ కట్ల కింద ఎంత కాలిందో అడిగి తెలుసుకున్నాడు. వెనక్కి వచ్చి, ముందర రాసింది కొట్టేసి, నేను చెప్పినట్టే మళ్ళా రాసి, నాకు చదివి వినిపించి, ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నాడు. నూనె అమ్మినవాణ్ణి వెతికినారంట గానీ, వాడు దొరికినట్టు నేను వినలేదు.

మా నాయన ఆ సాయంత్రమే బస్సెక్కి పోయినాడు. "నీ ఇష్టం పాపా" అన్నాడు పోతా పోతా.

నేను ఆసుపత్రిలో ఉండగానే గ్యాసు లారీ వచ్చింది. మా ఇంటాయన వచ్చి చెప్పినాడు, తప్పు చేసినవాడి గొంతుతో. ఎవరూ సంతోషపడలేదు. ఆయన సిలిండరు ఇంటికి తెచ్చుకున్నాడు గానీ, మొదట చేసిన పని బల్లలు తీసేసి కట్టెల పొయ్యి కట్టించడం. పొగగూడు తెరిపించినాడు. కోత మిల్లుకి పోయి రంపపు పొట్టు మూటలు తెచ్చి, రేకుడబ్బాతో పొట్టు పొయ్యి చేయించినాడు. శనక్కాయ పొట్టు మూలన పోసినాడు. గ్యాసు ఒకటి, కట్టెలు ఒకటి, పొట్టు ఒకటి. ఏది ఆగినా ఇంకొకటి ఉండాలని. పంపు స్టౌ మాత్రం మళ్ళా మా గడప తొక్కలేదు. ఆ తరవాత గ్యాసు ఎన్నోసార్లు ఆగింది. మా కొట్టు ఎప్పుడూ ఆగలేదు.

కొట్టు ఆగలేదు గానీ గిరాకీ ఆగింది. పోలీసులు కేసు లేదన్నా, వీధి అనలేదు. చాలామంది ఎదురుగా ఉన్న కొట్టుకి పోయినారు. మా అత్త వడ్డిస్తే ఆకు వెనక్కి లాక్కున్నవాళ్ళని నేను చూసినాను. ఆ గుమాస్తా ఒక్కడు మానలేదు. రోజూ వచ్చి ముందర బల్ల మీదనే, వీధికి కనబడేటట్టు కూర్చుని తినేవాడు. మెల్లమెల్లగా మిగతావాళ్ళు వచ్చినారు. దానికి ఏడాది పైనే పట్టింది.

నేను ఇంటికి వచ్చినాక ఒకటి గమనించినాను. నేను ఏ పొయ్యి ముట్టించబోయినా మా అత్త వంటింట్లోనుంచి లేచి పోయేది. చేతిలో పని వదిలేసి, వాకిట్లోకి పోయి, వీధిలో వాళ్ళకి కనబడేటట్టు నిలబడేది. మంట స్థిరపడినాక తిరిగి వచ్చేది. మొదట మంటంటే భయమనుకున్నాను. కానీ తాను వెలిగించుకునేటప్పుడు భయపడేది కాదు. నేను వెలిగించేటప్పుడే.

కానుపుకి నన్ను తీసుకుపోవడానికి మా నాయన వచ్చినాడు. చాలా కాలం తరవాత ఆ గడప తొక్కడం. మా అత్త ఆకు వేసి ఇడ్లీ పెట్టింది. ఆయన తలవంచుకుని తిన్నాడు. ఆమె "ఇంకొకటి వేసుకో తమ్ముడా" అంటే, "వెయ్యక్కా" అన్నాడు. అంతే వాళ్ళ మాటలు. బస్సులో కృష్ణగిరి దాటినాక, కిటికీ బయటికి చూస్తా అన్నాడు, "ఆ పొద్దు నీ మాట నా చెవికి ఎక్కలేదు పాపా. ఊరి మాటే ఎక్కింది." నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

బిడ్డనెత్తుకుని ధర్మపురికి తిరిగి వచ్చినాక కూడా మా అత్త అలవాటు మారలేదు. ఒక పొద్దున పొట్టు పొయ్యి నింపి, అగ్గిపెట్టె తీసినాను. ఆమె రుబ్బురోలు వదిలి లేచింది. ఇంక పట్టలేక అడిగేసినాను.

"నేను ముట్టించేటప్పుడు ఎందుకు బయటికి పోతావు అత్తా? నేను పోలీసాయనకి చెప్పినాను కదా, నువ్వు కాదని. ఇంకా ఏమి?"

ఆమె చేతులు చీరకొంగుకి తుడుచుకుంది. అరచేతుల్లో చర్మం ఇంకా నున్నగా, ముడతలు లేకుండా మెరిసేది.

"చెప్పినావు అమ్మీ" అంది. "ఆ పొద్దు చెప్పేదానికి నువ్వు బతికి ఉన్నావు. ఇంకోసారి ఏమన్నా అయ్యి, నువ్వు లేకపోతే, నా తరపున చెప్పేవాళ్ళెవరు?"

కోపంగా అనలేదు. చాలాకాలంగా ఆలోచించి పెట్టుకున్న మాట, అడిగితే తీసి ఇచ్చింది.

అగ్గిపెట్టె బొడ్లో దోపుకున్నాను. తరవాత పొట్టు పొయ్యిని రెండు చెవులూ పట్టుకుని ఎత్తినాను. బరువుగా ఉండింది, కాలిన పక్క చెయ్యి లాగింది. "ఏమి జేస్తా ఉండావు?" అని అత్త వెనకే వచ్చింది. దాన్ని తీసుకుపోయి వాకిట్లో, వీధి ముందర దించినాను.

"నువ్వు లోపల నిలబడలేనంటే, ఇద్దరమూ ఇక్కడే ముట్టిద్దాము" అన్నాను.

పాలు తెచ్చేవాడు పోతా పోతా చూసినాడు. ఎదురు కొట్టులోవాళ్ళు చూసినారు. మా అత్త ఒక్క నిమిషం వీధికి అటూ ఇటూ చూసి, నా పక్కన గొంతుక్కూర్చుంది. పొట్టుకి మొదట పొగే వస్తుంది, మంట ఆలస్యంగా వస్తుంది. ఆమె వంగి అడుగు కంతలో ఊదింది, నేను పైన చాటతో విసిరినాను. పొగ తగ్గినాక ఆ పక్క ఆమె, ఈ పక్క నేను పట్టుకుని లోపలికి తెచ్చినాము.